క్యాంటర్ ఓడిన జూన్, మనం ఓటేయని జూన్

వర్జీనియాలో ఉంటున్న మన తెలుగువాళ్లని కదిపితే నవంబర్ ఎన్నికల గురించి గంటలు గంటలు మాట్లాడతారు. ఏ రాష్ట్రం ఎటు పోతుంది, ఎవరొస్తే హెచ్‌-1బీ ఏమవుతుంది, అన్నీ నోటి మీదే ఉంటాయి. జూన్‌లో జరిగే ప్రైమరీ, అంటే నవంబర్‌లో నిలబడే పార్టీ అభ్యర్థిని ఓటర్లే ఎంచుకునే ఎన్నిక, దాని సంగతెత్తితే మాత్రం "అది పార్టీవాళ్ల లోపలి గొడవ, మనకెందుకు" అని కొట్టిపారేస్తారు. ఈ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. ఎందుకంటే మేముండే హెన్రైకో కౌంటీ, పక్కనున్న హానోవర్, ఇంకొన్ని కౌంటీలు కలిసిన నియోజకవర్గంలోనే, 2014 జూన్ 10న, అమెరికా ప్రతినిధుల సభలో స్పీకర్ తర్వాత అంతటివాడైన ఎరిక్ క్యాంటర్‌ని సొంత పార్టీ ఓటర్లే ఓడించి ఇంటికి పంపారు. దేశమంతా నోరెళ్లబెట్టింది. మా అపార్ట్‌మెంట్ కాంప్లెక్స్‌లో తెలుగువాళ్లలో సగం మందికి ఆ రోజు ఎన్నిక ఉందనే తెలియదు.

క్యాంటర్ అంటే ఎవరో కొత్తవాళ్లకి చెప్పాలి. 2001 నుంచి ఇక్కడి సభ్యుడు. 2011 నుంచి సభలో రిపబ్లికన్ల మెజారిటీ లీడర్. అప్పటి స్పీకర్ జాన్ బేనర్ దిగిపోతే స్పీకర్ కుర్చీ ఈయనదే అని అందరూ ఖాయం చేసేసుకున్నారు. మెజారిటీ లీడర్ అనే పదవి 1899లో పుట్టింది. అప్పట్నుంచి అప్పటిదాకా ఆ కుర్చీలో ఉండగా ప్రైమరీలో ఓడినవాడు ఒక్కడూ లేడు. ఆయన్ని ఓడించిందేమో ఆష్‌లాండ్ ఊళ్లోని చిన్న కాలేజీ, ర్యాండాల్ఫ్-మేకన్‌లో ఎకనామిక్స్ పాఠాలు చెప్పుకునే డేవ్ బ్రాట్. అంతకుముందు ఆయన పేరు ఎవరికీ పెద్దగా తెలియదు. ప్రచారాన్ని నడిపింది 23 ఏళ్ల కుర్రాడు. బ్రాట్‌కు 36,105 ఓట్లు, క్యాంటర్‌కు 28,912.

డబ్బు లెక్క చూస్తే ఇంకా విచిత్రం. క్యాంటర్ ప్రచార ఖర్చు 50 లక్షల డాలర్లు దాటింది. బ్రాట్‌కి మొత్తం పోగైనవి రెండు లక్షల చుట్టుపక్కల. క్యాంటర్ బృందం ఒక్క స్టేక్‌హౌస్‌లలో పెట్టిన ఖర్చే 1,68,637 డాలర్లని పేపర్లు బయటపెట్టాయి. అంటే ఈయన విందుల బిల్లు, ఆయన ఎన్నికల బిల్లు దాదాపు ఒకటే. ఎన్నికలకి ముందు క్యాంటర్ మనుషులు చేయించుకున్న సర్వేలో 34 పాయింట్ల ఆధిక్యం కనిపించింది. పోలింగ్ రోజు పొద్దున ఆయన నియోజకవర్గంలో కూడా లేడు. వాషింగ్టన్‌లో లాబీయిస్టులతో కాఫీ మీటింగ్‌లో ఉన్నాడు.

ఆ సర్వే అంత ఘోరంగా ఎందుకు తప్పిందన్నదానికి రకరకాల కారణాలు చెప్పారు. నాకు కనిపించేది ఒకటే. 2012 ప్రైమరీలో ఇక్కడ ఓటేసినవాళ్లు 47 వేల మంది. 2014లో 65 వేల మంది. ప్రతిసారీ వచ్చేవాళ్లని అడిగి సర్వే చేసుకుంటే, ఈసారి కొత్తగా వచ్చిన ఆ 18 వేల మంది అందులో ఎందుకు దొరుకుతారు?

వాళ్లని ఇళ్లలోంచి బయటికి తెచ్చింది ఎవరన్నదే నాకు ఆసక్తి. బ్రాట్ నిమిత్తమాత్రుడని అనను గానీ, ఆయన రాకముందే నేల దున్ని పెట్టినవాళ్లు వేరే ఉన్నారు. హానోవర్, హెన్రైకో, చెస్టర్‌ఫీల్డ్ చుట్టుపక్కల టీ పార్టీ గుంపులు, అంటే పన్నులూ ప్రభుత్వ ఖర్చూ తగ్గించాలనే రిపబ్లికన్ కార్యకర్తల గుంపులు, 2009 నుంచీ ఉన్నాయి. రిటైరైనవాళ్లు, చిన్న వ్యాపారులు, పిల్లల్ని ఇంట్లోనే చదివించుకునే తల్లులు. క్యాంటర్ 2010లో వీళ్ల ఊపు మీదే పార్టీని మెజారిటీకి తెచ్చుకున్నాడు. పని అయ్యాక మొహం చాటేశాడన్నది వీళ్ల కోపం. దానికి తోడు 2014 వసంతంలో వర్జీనియా రిపబ్లికన్ పార్టీ కమిటీల ఎంపికల్లో క్యాంటర్ వర్గం "స్లేటింగ్" అనే పన్నాగం వాడింది. మీటింగుకి తమ మనుషుల్ని ముందే నింపేసి, తమ జాబితాలో పేరున్నవాళ్లే డెలిగేట్లని తీర్మానం చేయించి, మిగతావాళ్లని ఇళ్లకి పంపడం. పార్టీ జెండా మోసిన మనిషిని పార్టీ మీటింగ్‌లోంచే గెంటేస్తే ఎలా ఉంటుందో మనకి వేరే చెప్పక్కర్లేదు. మేలో పార్టీ నియోజకవర్గ సమావేశం జరిగితే క్యాంటర్ మాట్లాడుతుండగానే జనం గోల చేశారు. పార్టీ నియోజకవర్గ ఛైర్మన్‌గా ఉన్న ఆయన మనిషి పదవి ఊడింది. వాషింగ్టన్ పేపర్లు దాన్ని స్థానిక చిల్లర గొడవగా రాశాయి. నాకు మాత్రం అసలు ఎన్నిక ఆ రోజే సగం అయిపోయినట్టనిపిస్తుంది.

ఆ మేలోనే ఒక శనివారం మధ్యాహ్నం మా తలుపు కొట్టారు. డెబ్బై ఏళ్లు దాటిన ఆవిడ, ఎండకి మొహం కందిపోయింది, చేతిలో క్లిప్‌బోర్డు, మెడలో బ్రాట్ స్టిక్కర్ అంటించిన బ్యాడ్జి. నేను ఓటర్ని కాదు, వీసా మీద ఉన్నానని చెప్పాను. సరే వెళ్లిపోతుందనుకుంటే, నీళ్లడిగింది. లోపలికి రమ్మన్నాను. రానంది, గడప దగ్గరే నిలబడి తాగింది. క్యాంటర్ అక్రమంగా వచ్చినవాళ్లకి క్షమాభిక్ష ఇస్తాడని, అందుకే ఓడించాలని చెప్పింది. నేను అప్పుడు గ్రీన్‌కార్డు క్యూలో ఉన్నాను. ఉద్యోగం మీద వచ్చే గ్రీన్‌కార్డుల్లో ఒక్కో దేశానికి 7 శాతం పరిమితి ఉందని, ఇండియాలో పుట్టినవాళ్ల వరస అందుకే ఏళ్ల తరబడి కదలదని చెప్పాను. ఆవిడకి ఆ సంగతే తెలియదు. "పన్నులు కడుతున్నావా?" అని అడిగింది. కడుతున్నానంటే, "మరి నీకెందుకంత ఆలస్యం?" అని నన్నే నిలదీసింది, నేనేదో తప్పు ఫారం నింపినట్టు. తర్వాత ఒక మాట అంది. క్యాంటర్‌కి పన్నెండేళ్లు ఓటేశాను, మా వీధిలోకి ఒక్కసారి వచ్చినవాడు కాడు, ఈ ప్రొఫెసర్ రెండుసార్లొచ్చాడు, అని. గ్లాసు తిరిగిచ్చి, వెళ్లేముందు నాకూ ఒక కరపత్రం ఇచ్చింది. ఓటు లేనివాడికెందుకమ్మా అంటే, నీ పక్కింటివాళ్లకియ్యి అంది.

బ్రాట్ విధానాల్లో సగానికి పైగా నాకు నచ్చవు. ఆయన ప్రచారంలో వలసల మీద పలికిన మాటల్లో నాలాంటివాళ్లూ చాలాసార్లు పరోక్షంగా తగిలారు. పెద్ద కంపెనీలు, ఛాంబర్ ఆఫ్ కామర్స్, సిలికాన్ వ్యాలీ కుబేరులు చవకగా కూలీల్ని తెచ్చుకోవడానికే క్యాంటర్‌తో చేతులు కలిపారన్నది ఆయన వాదన. ఆ చవక కూలీల్లో మా కౌంటీలోని గ్లెన్ ఆలెన్, షార్ట్ పంప్‌లలో ఇళ్లు కొనుక్కుంటున్న మన ప్రోగ్రామర్లూ ఉన్నారు. అయినా ఆ ముసలావిడ చేసిన పని నాకు నచ్చింది. ఎండలో గుమ్మం గుమ్మం తిరిగి, తన పార్టీ పెద్ద నాయకుణ్ణి తన పార్టీలోనే ఉండి దించడం. పార్టీ మారలేదు, ఇండిపెండెంట్‌గా నిలబెట్టలేదు, కోర్టుకెళ్లలేదు. ఈ అవకాశం ఎంత అరుదైనదో మనకి తెలిసినంత అమెరికన్లకి తెలియదు.

మన దగ్గర టికెట్ల సీజన్ ఎలా ఉంటుందో గుర్తు చేసుకోండి. అధినేత ఇంటి ముందు కార్లు, చేతుల్లో ఫైళ్లు, "సర్వేలో మన పేరే ఉందన్నా" అనే భరోసాలు. చివరి రాత్రి జాబితా వస్తుంది. పదిహేనేళ్లు జెండా మోసినవాడి పేరు ఉండదు, నిన్న కండువా కప్పుకున్నవాడికి బీ-ఫారం అందుతుంది. టికెట్ రానివాడు ఫ్లెక్సీలు చించి, ఆఫీసు ముందు కుర్చీలు విరగ్గొట్టి, కన్నీళ్లు పెట్టుకుని, ఆఖరికి రెబెల్‌గా నామినేషన్ వేస్తాడు. ఉపసంహరణ గడువు నాటికి ఏ కార్పొరేషన్ ఛైర్మన్ పదవో చూపించి బుజ్జగిస్తారు. ఈ మొత్తం తంతులో ఆ నియోజకవర్గంలోని పార్టీ సభ్యుల్ని "మీకెవరు కావాలి?" అని అడిగే ఘట్టం ఎక్కడుంది? ఏ పార్టీ అయినా ఇంతే. గెలిచాకా అంతే. 1985లో వచ్చిన ఫిరాయింపుల చట్టం పుణ్యమాని విప్‌కి ఎదురు తిరిగి ఓటేస్తే సభ్యత్వమే పోతుంది. ఎమ్మెల్యే భయపడాల్సింది అధినేతకే, ఊరికి కాదు.

ఊరు కోపం చూపించిన సందర్భాలు మనకీ లేకపోలేదు. 2019లో నిజామాబాద్ లోక్‌సభ స్థానంలో పసుపు, ఎర్రజొన్న రైతులు గిట్టుబాటు ధర అడిగి అడిగి విసిగిపోయి, మూకుమ్మడిగా నామినేషన్లు వేశారు. పోటీలో మిగిలింది 185 మంది, అందులో 178 మంది రైతులే. ముఖ్యమంత్రి కూతురు, సిట్టింగ్ ఎంపీ కవిత ఓడిపోయారు. బీజేపీ అభ్యర్థి ధర్మపురి అర్వింద్ 70 వేలకు పైగా మెజారిటీతో గెలిచారు. ఎంత గొప్ప నిరసన! కానీ ఆ రైతుల్లో అధికార పార్టీ అభిమానులకి "పార్టీ ఇదే ఉండనీ, మనిషిని మార్చండి" అని చెప్పే దారి లేకపోయింది. ఒక్కో రైతు 25 వేలు డిపాజిట్ కట్టి బ్యాలెట్‌ని నింపేయడం తప్ప ఇంకో మార్గం కనపడలేదు. హానోవర్ కౌంటీ రైతుకి ఆ బాధ లేదు. జూన్‌లో ఒక మంగళవారం బడికెళ్లి ఓటేస్తే చాలు.

క్యాంటర్‌ని ముంచింది వలస బిల్లే అని అప్పట్లో టీవీలన్నీ ఏకగ్రీవంగా తేల్చేశాయి. రేడియో వ్యాఖ్యాత లారా ఇంగ్రహమ్ హెన్రైకోకే వచ్చి సభ పెట్టింది. ఆ రోజుల్లోనే ఒబామా ఒక సైనికుణ్ణి విడిపించుకోడానికి ఐదుగురు తాలిబన్లని వదిలిపెట్టాడు. వాళ్లకి బదులు క్యాంటర్‌ని పంపి ఉండాల్సింది అని ఆవిడ జోకేస్తే జనం విరగబడి నవ్వారు. వలసల మాట జనాన్ని కదిలించింది, కాదనను. కానీ అదే రోజు, అదే 2014 జూన్ 10న, సౌత్ కరోలినాలో రిపబ్లికన్ సెనేటర్ లిండ్సే గ్రాహమ్ తన ప్రైమరీని 56 శాతంతో గెలిచాడు. 2013లో సెనేట్ 68-32తో ఆమోదించిన వలస సంస్కరణ బిల్లుని రాసిన ఎనిమిది మందిలో ఆయన ఒకడు! క్యాంటర్ అసలు ఆ బిల్లుని సభలో ఓటింగ్‌కే రానివ్వలేదు. చిన్నప్పుడే తల్లిదండ్రులతో వచ్చేసిన పిల్లలకి ఏదో చేద్దామని అక్కడా ఇక్కడా అన్నాడంతే. బిల్లు రాసినవాడు గెలిచి, ఆపినవాడు ఓడితే దాన్ని వలసల ఎన్నిక అని ఎలా అంటాం?

గ్రాహమ్ ఏం చేశాడంటే, ముందునుంచే ఊరూరూ తిరిగాడు, పోటీదారులు అరడజను మంది ఉన్నా ఒక్కర్నీ ఎదగనివ్వలేదు, తిట్టినవాళ్లకి ఎదురుగా నిలబడి జవాబిచ్చాడు. క్యాంటర్ దేశమంతా తిరిగి పార్టీకి డబ్బు సేకరించాడు. మెజారిటీ లీడర్‌కిచ్చే భద్రతా సిబ్బంది, నల్ల ఎస్‌యూవీల మధ్య ఊళ్లోకొచ్చేవాడు. ఆఖర్లో భయం పట్టుకుని బ్రాట్‌ని "లిబరల్ ప్రొఫెసర్" అంటూ టీవీల్లో హోరెత్తించాడు. బ్రాట్ ఎవరో తెలియనివాళ్లకి కూడా క్యాంటర్ డబ్బుతోనే తెలిసిపోయింది. పైగా ప్రకటన చూసినవాళ్లు ఆ ప్రొఫెసర్ చెప్పేది విన్నారు: బ్యాంకులకి బెయిలౌట్లిచ్చారు, కాంగ్రెస్ సభ్యులు షేర్లలో లోపలి సమాచారంతో వ్యాపారం చేయకుండా తెచ్చిన చట్టంలో కుటుంబసభ్యుల విషయంలో క్యాంటరే కన్నం పెట్టాడు, అని. ఇందులో లిబరల్ ఏముందో వాళ్లకి అర్థం కాలేదు. డెమొక్రాట్లు దొంగచాటుగా వచ్చి ఓట్లేసి ఓడించారని క్యాంటర్ మనుషులు చెప్పుకున్నారు. వర్జీనియాలో పార్టీ రిజిస్ట్రేషన్ లేదు కాబట్టి ఎవరైనా ఏ ప్రైమరీలోనైనా ఓటేయొచ్చు, కొందరు వేసే ఉంటారు. కానీ బ్రాట్‌కి ఓట్లు దండిగా పడింది హానోవర్ లాంటి పక్కా రిపబ్లికన్ చోట్ల. అక్కడ అంతమంది డెమొక్రాట్లు ఉంటే ఆ పార్టీ నవంబర్‌లో ఎప్పుడో గెలిచేది.

ఇక దాని ఫలితం. ఆ నెలాఖరుకల్లా, సభ ఈ ఏడాది వలస బిల్లుని ఓటింగుకి పెట్టదని బేనర్ చెప్పేశాడని ఒబామా ప్రకటించాడు. సెనేట్ బిల్లులో ఉద్యోగ గ్రీన్‌కార్డుల దేశాల పరిమితి ఎత్తేసే నిబంధన కూడా ఉండేది. నాలాంటి లక్షల మంది క్యూ దానితో కదిలేది. ఆ బిల్లు అప్పటికే కొన ఊపిరితో ఉంది కాబట్టి నెపమంతా మా నియోజకవర్గం మీదకి తోయలేం. కానీ ఆ ఊపిరి ఆగింది మా వీధుల్లో పడిన ఓట్ల వల్లే అని వాషింగ్టన్‌లో అందరూ నమ్మారు, నమ్మినట్టే నడుచుకున్నారు. ఏడు లక్షల పైచిలుకు జనాభా ఉన్న నియోజకవర్గంలో 65 వేల మంది వేసిన ఓటది. అందులో ఏడు వేల ఓట్ల తేడా. "పార్టీవాళ్ల లోపలి గొడవ, మనకెందుకు" అనేవాళ్లకి నేను చెప్పేది ఇదే లెక్క.

క్యాంటర్ జులై ఆఖరుకి నాయకత్వం వదిలాడు, ఆగస్టులో సభ్యత్వమూ వదిలి వాల్‌స్ట్రీట్‌లో ఒక ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకులో చేరాడు. ఆయన గురించి నాకు బెంగ లేదు.

బ్రాట్ సంగతే చిత్రం. గెలిచాక మొదట్లోనే బేనర్‌ని స్పీకర్‌గా ఒప్పుకోనని ఓటేశాడు, సభలో రిపబ్లికన్ అతివాదుల గుంపైన ఫ్రీడమ్ కాకస్‌లో చేరాడు. మాట మీద నిలబడ్డాడనే చెప్పాలి. కానీ 2017 వచ్చేసరికి ఒబామాకేర్ అనే ఆరోగ్య బీమా చట్టం రద్దు గొడవతో ఇక్కడి ఆడవాళ్లు టౌన్‌హాల్, అంటే జనంతో ముఖాముఖి సభ, పెట్టమని వెంటపడితే, ఎక్కడికెళ్లినా ఆడవాళ్లు మీద పడిపోతున్నారని ఒక సభలో విసుక్కున్నాడు. ఆ వీడియో బయటికొచ్చింది. ఆఖరికి ఫిబ్రవరిలో, జనం ఎక్కువుండే రిచ్‌మండ్ శివార్లు వదిలేసి, దూరంగా బ్లాక్‌స్టోన్ అనే చిన్న ఊళ్లో మీటింగ్ పెట్టాడు. జనం అక్కడికీ వెళ్లి అరిచారు. మా వీధిలోకి రాలేదని క్యాంటర్ మీద పడ్డ నిందే మూడేళ్లకి ఈయన మీదా పడింది. 2018లో సీఐఏ మాజీ అధికారి అబిగెయిల్ స్పాన్‌బర్గర్ 7 వేలకు లోపు ఓట్ల తేడాతో ఆయన్ని ఓడించింది. రిపబ్లికన్ల కంచుకోట అన్న సీటు డెమొక్రాట్ల చేతికి పోయింది. ఆవిడే 2025లో గవర్నర్‌గా గెలిచింది. కార్యకర్తల చేత అతివాదుల్ని ఎన్నుకోనిస్తే ఇలాగే సీట్లు పోతాయని పార్టీ పెద్దలు అంటారు. పోనీండి. ఓటరు మొదట పార్టీ లోపల మనిషిని మార్చాడు, అది నచ్చకపోతే పార్టీనే మార్చాడు. నాలుగేళ్లలో రెండుసార్లు సమాధానం చెప్పించుకున్న నియోజకవర్గాన్ని చూసి నేను అసూయ పడతాను.

నన్ను కలవరపెట్టేది పక్క నియోజకవర్గంలో, అయిదోదానిలో జరిగింది. అక్కడ రిపబ్లికన్ సభ్యుడు డెన్వర్ రిగిల్‌మన్ 2019లో తన ప్రచారంలో పనిచేసిన ఇద్దరు మగవాళ్లకి పెళ్లి జరిపించాడు. స్థానిక మతవాదులకి అది మింగుడు పడలేదు. బాబ్ గుడ్ అనే కౌంటీ స్థాయి నాయకుడు పోటీకి దిగాడు. 2020 జూన్, కరోనా రోజులు. ప్రైమరీ బదులు పార్టీ సమావేశం పెట్టారు. లించ్‌బర్గ్ దగ్గర ఒక చర్చి పార్కింగ్‌లోకి డెలిగేట్లు కార్లలో వచ్చి, కారు దిగకుండానే ఓటేసి వెళ్లారు. రెండున్నర వేల మంది చేతుల్లో ఏడు లక్షల మంది సభ్యుడి భవితవ్యం తేలింది. గుడ్‌కి 58 శాతం. దీన్ని జనం తీర్పు అనడానికి నాకు నోరు రాదు. బ్రాట్‌ని గెలిపించిన 36 వేల ఓట్లు ఓటర్ల ఓట్లు. ఇదేమో కమిటీ మనుషులు ఏర్పాటు చేసుకున్న పోటీ, స్లేటింగ్‌కి తమ్ముడు.

నాలుగేళ్లు తిరిగేసరికి ఆ గుడ్‌కే ముప్పొచ్చింది. స్పీకర్ మెకార్తీని 2023 అక్టోబర్‌లో దించిన ఎనిమిది మంది రిపబ్లికన్లలో గుడ్ ఒకడు. అప్పటికి ఫ్రీడమ్ కాకస్‌కి ఛైర్మన్ కూడా కాబోతున్నాడు. అతివాదంలో వెలితి పెట్టినవాడు కాడు. ఒకే ఒక్క తప్పు చేశాడు: 2024 అధ్యక్ష ప్రైమరీలో మొదట ట్రంప్‌ని కాదని, పోటీకి దిగిన ఫ్లోరిడా గవర్నర్ డిశాంటిస్‌ని సమర్థించాడు. డిశాంటిస్ తప్పుకున్నాక ట్రంప్ పక్షానికి వచ్చాడు గానీ, అది చెల్లలేదు. మే నెలాఖరులో ట్రంప్, గుడ్ మీద పోటీ చేస్తున్న జాన్ మెక్‌గ్వైర్‌కి మద్దతు ప్రకటించాడు. మెకార్తీ మిత్రుల డబ్బు వరదలా వచ్చింది. మొత్తం ప్రకటనల ఖర్చు కోటి డాలర్లు దాటింది. 62 వేలకు పైగా ఓట్లు పడితే మెక్‌గ్వైర్ 374 ఓట్లతో బయటపడ్డాడు. గుడ్ తన ఖర్చుతో రీకౌంటింగ్ చేయించుకుంటే అది 370కి తగ్గింది. అంతే.

ఈ రెండు ఎన్నికల్నీ పక్కపక్కన పెట్టి చూస్తాను నేను. 2014లో పార్టీ పెద్దలంతా ఒకవైపు, ఊరు ఒకవైపు. ఊరు గెలిచింది. 2024లో ఇద్దరూ కన్సర్వేటివ్‌లే, ఇద్దరూ జనం మనుషులమనే చెప్పుకున్నారు, ఇద్దరికీ విధానాల్లో వెంట్రుకవాసి తేడా కూడా లేదు. పోటీ మొత్తం "అసలు పైవాడి మనిషి ఎవరు?" అన్నదాని మీద నడిచింది. గుడ్ తన ప్లకార్డుల మీద కూడా ట్రంప్ పేరే వేసుకున్నాడు, వేసుకోవద్దని ట్రంప్ లాయర్ల చేత ఉత్తరం రాయించుకున్నాడు. గాంధీభవన్ మెట్ల మీదో, తెలంగాణ భవన్ గేటు దగ్గరో మన టికెట్ ఆశావహులు చేసే పనికీ దీనికీ తేడా ఏమిటి? మన దగ్గర బీ-ఫారం కాగితం మీద ఇస్తారు, ఇక్కడ సోషల్ మీడియా పోస్టుగా ఇస్తున్నారు. పార్టీ పెద్దల పెత్తనాన్ని కూల్చడానికి కార్యకర్తలు పదేళ్లపాటు వాడుకున్న తలుపులోంచే ఇంకా పెద్ద హైకమాండ్ లోపలికొచ్చి కూర్చుంది. టీ పార్టీవాళ్లలో నాకు తెలిసిన ఒకాయన ఉన్నాడు, హానోవర్‌లో పరుపుల దుకాణం. 2014లో బ్రాట్ కోసం తిరిగాడు. ఇప్పుడు ఎవరైనా పోటీ చేస్తానని వస్తే, "ట్రంప్‌కి నువ్వంటే ఇష్టమేనా?" అనే ముందు అడుగుతాట్ట. మీ వీధికొచ్చాడా అని అడిగే రోజులు పోయాయా అంటే, నవ్వి ఊరుకున్నాడు.

దీనికి మందు ప్రైమరీలని రద్దు చేసి మళ్లీ కమిటీలకీ సమావేశాలకీ అప్పగించడం అని కొందరు మేధావులు రాస్తున్నారు. పార్టీ పెద్దలే మంచి మనుషుల్ని ఏరి తెస్తారట. పెద్దలు ఏరితే ఎలాంటివాళ్లొస్తారో చూడాలంటే మన అసెంబ్లీకి రండి అనాలనిపిస్తుంది. తలుపు ఉంది. దాన్ని ఎవరు వాడుకుంటున్నారన్నదే ప్రశ్న. 62 వేల ఓట్లలో 370 ఓట్ల తేడాని ఒక అపార్ట్‌మెంట్ సముదాయం కూడా తిప్పేయగలిగేది. ఎక్కువమంది వెళితే పైనుంచి వచ్చే ఒక్క పోస్టుకి అంత విలువ ఉండదు. తక్కువమంది వెళితే ఉంటుంది.

మా కరీంనగర్ అన్న దీనికి ఒప్పుకోడు. ఆయన పౌరసత్వం తీసుకుని చాలా ఏళ్లయింది, నవంబర్‌లో డెమొక్రాట్లకి వేస్తాడు, చందా కూడా ఇస్తాడు. "నేను రిపబ్లికన్ ప్రైమరీకి పోయుడేందిరా? ఆళ్లింట్ల పెండ్లికి నేను పిల్లను చూసుడా?" అంటాడు. మనిద్దరం ఉండే చోట నవంబర్‌లో గెలిచేది వాళ్లింటివాడే అయినప్పుడు, వాళ్లింట్లోనే మంచి పిల్లాణ్ణి చూసుకోవడం మనకే మేలు కదన్నా అంటాను. అది దొంగతనం లెక్కుంటదని ఆయన, చట్టం ఇచ్చిన హక్కని నేను. ఇద్దరు రిపబ్లికన్లలో ఒకడు క్యూలో ఉన్నవాడి కష్టం వినడానికైనా ఒప్పుకుంటే, ఇంకొకడు వినకపోతే, నాకు ఆ తేడా చాలు. ఇప్పుడు నాకూ పౌరసత్వం, ఓటు వచ్చాయి కాబట్టి, డెమొక్రాట్ల పోటీ ముఖ్యమనిపించిన ఏడు వాళ్ల బ్యాలెట్ తీసుకుంటాను, కానప్పుడు ఇవతలిది.

పద్ధతి కూడా బ్రహ్మవిద్య కాదు. పొద్దున 6 నుంచి రాత్రి 7 దాకా. మా బడి జిమ్‌లో బల్ల దగ్గర కూర్చున్న ఆవిడ పేరు, చిరునామా పైకి చెప్పమంటుంది. రెండు పార్టీల ప్రైమరీలు ఒకే రోజుంటే "ఏ బ్యాలెట్ ఇవ్వమంటారు?" అని అడుగుతుంది. ఏ పార్టీ అంటే ఆ పార్టీది ఇస్తుంది, ఎందుకని ఎవరూ అడగరు. గడి నింపి స్కానర్‌లో పెట్టి రావడమే. క్యూ ఉండదు, పోయిన జూన్‌లో నేను వెళ్లినప్పుడు ఓటర్ల కంటే బల్లల దగ్గర కూర్చున్నవాళ్లే ఎక్కువ. ఆ ముందురోజు మన వాట్సాప్ గ్రూపులో గుర్తు చేస్తే, "అప్పుడే ఎన్నికలేంటి?" అని ముగ్గురు అడిగారు, ఒకరు దండం బొమ్మ పెట్టారు. కరీంనగర్ అన్న మాత్రం ఫోన్ చేసి, పోలింగ్ బూత్ ఎక్కడో అడిగాడు. వెళ్లాడో లేదో, వెళ్తే ఏ బ్యాలెట్ తీసుకున్నాడో చెప్పలేదు. నేనూ అడగలేదు, అడగాల్సిన పని కాదు.